కుట్ల బదులు హైడ్రోజెల్ గమ్ పెట్టించుకోవచ్చా?

గాజువాక నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల నాన్నగారికి అరవై దాటాయి, షుగర్ ఉంది, ఒకప్పుడు టీబీ వచ్చి తగ్గింది. ఊపిరితిత్తి పైభాగంలో పెద్ద గాలి బుడగ తయారై, అది పగిలి, ఛాతీలో గొట్టం వేయాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ బుడగని తీసేయాలి, ఆపరేషన్ చేయించుకోండి అన్నారట. "కుట్లు లేకుండా హైడ్రోజెల్ గమ్‌తో ఐదు సెకన్లలో అతికించేస్తున్నట్టు వీడియో చూశాను. విశాఖలో అది దొరుకుతుందా? ఖర్చు ఎక్కువైనా పర్వాలేదు. అదే గమ్ నాన్న పాదం మీద పుండుకి కూడా పనిచేస్తుందా?" అని రాశారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఊపిరితిత్తి విషయంలో గమ్ కుట్లకి బదులు కాదు, కుట్ల మీద వేసే పూత. అది కావాలా వద్దా అన్నది లోపల చూశాకే తేలుతుంది. పాదం పుండుకి మాత్రం ఏ గమ్మూ వద్దు. మీరు వీడియోలో చూసింది ఇంకా మన ఆపరేషన్ థియేటర్ల దాకా రాలేదు, కాబట్టి ఎంత ఖర్చు పెడతానన్నా దొరకదు.

నేను ఛాతీ ఆపరేషన్లు చేసే సర్జన్‌ని. చాలాకాలం ప్రభుత్వాసుపత్రిలో చేశాను, ఇప్పుడు విశాఖలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తున్నాను. ఈ గమ్‌లని చేత్తో వాడినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

హైడ్రోజెల్ అంటే నీళ్లని పట్టి ఉంచుకునే పాలిమర్ వల. మీరు పెట్టుకునే మెత్తటి కాంటాక్ట్ లెన్స్ అదే. ప్రేగ్‌లో విక్టర్లే, లీమ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు 1960లో దీన్ని వైద్యానికి వాడొచ్చని రాశాక ఈ దారి తెరుచుకుంది. మన కండ, కాలేయం, ఊపిరితిత్తి కూడా చాలావరకు నీళ్లే కాబట్టి, నీళ్లున్న మెత్తటి పదార్థం వాటి పక్కన ఇబ్బంది పెట్టకుండా కూర్చుంటుంది. కదిలినప్పుడు తనూ సాగుతుంది. చర్మం మీద వేసే గట్టి గమ్‌కి ఈ గుణం లేదు.

ఇక కుట్టుతో వచ్చే ఇబ్బంది ఏంటంటే, సూది దిగిన ప్రతిచోటా ఇంకో కంత పడుతుంది. చర్మానికి అది లెక్క కాదు. ఊపిరితిత్తి నిమిషానికి పదిహేనుసార్లు ఉబ్బి తగ్గుతూ ఉంటుంది, పైగా మీ నాన్నగారిలా టీబీ వచ్చి తగ్గిన ఊపిరితిత్తి అయితే దారం లాగేసరికి కోసుకుపోతుంది. అందుకే బుడగ మొదలు దగ్గర స్టేప్లర్ వేసి కోస్తాం. స్టేపుల్ వరస బలంగానే పట్టుకుంటుంది గానీ, పిన్నులు దిగిన కంతల్లోంచి గాలి కారే అవకాశం ఉంది. మెదడు మీది పొర, కాలేయం, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం, వీటన్నిటితోనూ ఇదే తలనొప్పి. హైడ్రోజెల్ గమ్ పుట్టింది ఆ చిన్న కంతల కోసం. రెండు అంచుల్ని లాగి పట్టుకునే బలం దానికి లేదు, ఆ పని దారానిదీ స్టేప్లర్‌దే.

థియేటర్లో ఇదెలా జరుగుతుందో చెప్తాను. బుడగ తీసేశాక ఛాతీలో సెలైన్ పోసి, ఎనస్థీషియా డాక్టర్ని ఊపిరితిత్తి నెమ్మదిగా ఉబ్బించమంటాం. పంక్చర్ షాపులో ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచినట్టే, గాలి కారే చోట బుడగలు వస్తాయి. బుడగలు రాకపోతే గమ్ ఊసే ఎత్తం. ఒకటో రెండో సన్నగా వస్తే ఒక కుట్టు. స్టేపుల్ వరస పొడవునా నురగలా వస్తుంటే అప్పుడు గమ్ పెట్టె తెరవమంటాం.

పెట్టెలో రెండు సిరంజీలుంటాయి. పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్‌తో చేసిన రకమైతే, ఒకదానిలో చేతులు చాచుకున్న పొడవాటి అణువులు, ఇంకోదానిలో వాటిని పట్టుకునే అమైన్ అనే రసాయనం ఉన్న ద్రవం. రెండూ సిరంజీల కొసన ఉన్న ముక్కు (నాజిల్) దగ్గర కలిసి బయటికి చిమ్ముతాయి, సెకన్లలో గడ్డకడతాయి. ఆ చేతుల్లో కొన్ని అమైన్‌ని పట్టుకుని వల అవుతాయి, మిగతావి కణజాలం మీది ప్రోటీన్లని పట్టుకుంటాయి. అతుక్కోవడమంటే అదే. ఇందులో చెయ్యి అలవాటు ముఖ్యం. చిమ్ముతూ మధ్యలో ఆపితే ముక్కులోనే గడ్డకట్టి మూసుకుపోతుంది, అందుకే కిట్‌లో అదనపు ముక్కులు పెడతారు. సిస్టర్‌కి ముందే చెప్పి రెండోది చేతిలో పట్టుకోమంటాను. చిమ్ముతున్నంతసేపూ, గడ్డకట్టేదాకా ఊపిరితిత్తిని కొంచెం తగ్గించి ఉంచాలి, పైభాగం తడి లేకుండా గాజుగుడ్డతో అద్ది ఉండాలి. రక్తం కారుతున్న చోట చిమ్మితే గమ్ రక్తం మీద అతుక్కుని, పొరలా లేచి వచ్చేస్తుంది.

మన దగ్గర థియేటర్లలో ఎక్కువగా కనిపించేది ఇది కూడా కాదు, ఫైబ్రిన్ గ్లూ. మనిషి రక్తపు ప్లాస్మాలోంచి తీసిన ఫైబ్రినోజెన్, థ్రాంబిన్ అనే ప్రోటీన్లు రెండూ కలిస్తే ఒంట్లో రక్తం గడ్డకట్టే ఆఖరి మెట్టే బయట జరుగుతుంది. అదీ ఒక హైడ్రోజెలే, ప్రకృతి చేసినది. ఒంటికి బాగా పడుతుంది, కరిగిపోతుంది, కానీ పట్టు తక్కువ. కొన్ని కంపెనీలవి ఫ్రీజర్‌లో, కొన్ని ఫ్రిజ్‌లో ఉంచాలి, కరిగించి కలపడానికి సమయం పడుతుంది. కావాలనుకుంటే ఆపరేషన్ ముందు రోజే తెప్పించి పెట్టుకోవాలి, ఛాతీ తెరిచాక మెడికల్ షాపుకి పరిగెత్తితే పని జరగదు. ధర వేలల్లో ఉంటుంది. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కింద చేయించుకుంటుంటే ప్యాకేజీలో గ్లూ కలిసి ఉందో, విడిగా కొనమంటారో అడ్మిషన్‌కి ముందే కౌంటర్లో అడిగి రాయించుకోండి. డిశ్చార్జి రోజు బిల్లు చూసి గొడవపడే కుటుంబాల్ని చాలామందిని చూశాను.

ఉపయోగం ఎంత? వీడియోల్లో చెప్పినంత లేదు, అలాగని దండగా కాదు. ఊపిరితిత్తి క్యాన్సర్ ఆపరేషన్లలో సీలెంట్ల మీద, అంటే గాలి కారకుండా మూసే ఇలాంటి గమ్‌ల మీద, జరిగిన పరీక్షల్ని కలిపి చూసిన కోక్రేన్ అనే సంస్థ సమీక్షలో తేలింది ఏంటంటే, గాలి కారడం తగ్గుతుంది, గొట్టం తొందరగా తీయగలుగుతారు, కానీ ఆసుపత్రిలో ఉండే రోజులు ప్రతిసారీ తగ్గడం లేదు. కాబట్టి అందరికీ వేయమని వాళ్లు చెప్పలేదు. నా అనుభవం కూడా దాదాపు అదే. అనకాపల్లి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకి, మీ నాన్నగారి లాంటి కేసే, ఊపిరితిత్తి మొత్తం పాత మచ్చలతో గట్టిపడి ఉంది, ఎక్కడ స్టేప్లర్ వేసినా పక్కన చిరుగుతోంది. అక్కడ గమ్ నిజంగా ఆదుకుంది, సెలైన్ పోస్తే నురగ పోయి ఒక్క బుడగ మిగిలింది. అదే కాలంలో చేసిన ఒక కుర్రాడికి, సన్నగా పొడుగ్గా ఉండేవాడు, సిగరెట్ అలవాటు, ఊపిరితిత్తి మిగతాదంతా ఆరోగ్యంగా ఉంది. వాళ్ల బావగారు పట్టుబట్టి గమ్ కొనుక్కొచ్చారు. అవసరం పడలేదు, సీలు తీయకుండానే వెనక్కి పంపించాం. ఆ కుర్రాడు ముందే ఇంటికి వెళ్లాడు.

గమ్ వేసినా గాలి కారొచ్చు. ఐదు రోజులు దాటి కారితే దాన్ని దీర్ఘకాలపు ఎయిర్ లీక్ అంటాం, గొట్టం ఇంకొన్నాళ్లు ఉంచుతాం. కొందర్ని గొట్టానికి చిన్న వాల్వు పెట్టి ఇంటికి కూడా పంపిస్తాం. చాలావరకు అదే మూసుకుపోతుంది. గొట్టానికి పెట్టిన సీసాలో బుడగలు చూసి ఇంట్లోవాళ్లు టెన్షన్ పడి "గమ్ ఫెయిలైంది" అనేస్తారు, అంత తొందర అక్కర్లేదు.

ఇంకో మాట, నా దృష్టిలో గమ్ కంటే ఇదే ముఖ్యం. మీ నాన్నగారికి ఒకసారి పగిలింది కాబట్టి, మళ్లీ పగలకుండా ఊపిరితిత్తి పొరనీ ఛాతీ గోడ పొరనీ ఒకదానికొకటి అతుక్కునేలా చేస్తారు, ప్లూరోడెసిస్ అంటారు. పొరని గీరో, టాల్క్ పొడి చల్లో చేస్తారు. ఆపరేషన్‌లోనే అది కూడా చేస్తారా అని మీ సర్జన్‌ని అడగండి. స్టేపుల్ వరసకి బలంగా పట్టీ వేసే ఆలోచన ఉందా అని కూడా అడగండి, చిరిగే ఊపిరితిత్తికి అది ఒక దారి.

ఇక గమ్‌తో వచ్చే ప్రమాదాలు. మొదటిది ఉబ్బే గుణం. హైడ్రోజెల్ నీళ్లు పీల్చుకుంటుంది, అదే దాని ప్రాణం, అదే దాని ప్రమాదం కూడా. రక్తనాళాల మీద వాడే ఒక పాలీఇథిలీన్ గ్లైకాల్ సీలెంట్ 24 గంటల్లో నాలుగు రెట్ల వరకు ఉబ్బుతుందని దాని కరపత్రంలోనే ఉంటుంది. ఛాతీలో చోటుంది కాబట్టి సరిపోతుంది. వెన్నుపూస మధ్యలో, నరం పక్కన, ఎముక తప్ప ఇంకేం లేని ఇరుకులో అది ఉబ్బితే నరాన్నే నొక్కుతుంది. మెదడు పొర కుట్టాక వేసే డ్యూరాసీల్ అనే జెల్‌కి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లో అనుమతిచ్చింది. దానికి నీలం రంగు కలుపుతారు. అలంకారానికి కాదు, ఎంత మందంగా పడిందో సర్జన్ కంటికి కనిపించాలని. ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటకూడదు. నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో కరిగి మూత్రంలో పోతుంది.

అలర్జీ సంగతి కూడా చూసుకోవాలి. కొన్ని గమ్‌లలో ఆవు నుంచి తీసిన ప్రోటీన్ ఉంటుంది. గుండె ఆపరేషన్లలో వాడే బయోగ్లూలో ఆవు రక్తపు ఆల్బుమిన్, దానితో గ్లూటరాల్డిహైడ్. కొన్ని ఫైబ్రిన్ గ్లూలలో కూడా ఆవు నుంచి తీసిన అప్రోటినిన్ ఉంటుంది. ఇంతకుముందు ఇలాంటిది వాడి ఉంటే రెండోసారి రియాక్షన్ వచ్చే అవకాశం ఉంది. మతపరమైన పట్టింపు ఉన్నవాళ్లు కూడా ఇది అడుగుతారు, అడగడంలో తప్పేం లేదు. పాలీఇథిలీన్ గ్లైకాల్ మాత్రం ఫ్యాక్టరీలో తయారయ్యేది, జంతువుల సంబంధం లేదు.

ఇక వీడియో సంగతి. ఐదు సెకన్లు అన్నారంటే బహుశా 2019లో అమెరికాలోని ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచురించిన రెండువైపులా అంటుకునే టేపు అయి ఉంటుంది. అది పొడిగా వస్తుంది. తడి కణజాలం మీద పెట్టి నొక్కగానే మధ్యలో ఉన్న నీటి పొరని ముందు తనే పీల్చేస్తుంది, ఆ తర్వాత ప్రోటీన్లని పట్టుకుంటుంది. తెలివైన ఆలోచన. ఎలుకల, పందుల అవయవాల మీద బాగా పనిచేసింది. 2021లో అదే బృందం రక్తం కారుతుండగానే వేసే పేస్టు చేసింది. పడవల అడుగున, జెట్టీ రాళ్ల మీద చేయి పెడితే గీసుకుపోయే తెల్ల గుల్లలుంటాయే, బార్నకిల్స్, వాటిని చూసి చేశారు. ఆ జీవి ముందు నూనె లాంటిది వదిలి రాతి మీది నీళ్లని తోసేస్తుంది, ఆ తర్వాత జిగురు వదులుతుంది. వీళ్లు సిలికాన్ నూనెలో జిగురు రేణువులు కలిపారు. నూనె రక్తాన్ని పక్కకి తోస్తుంది, నొక్కితే రేణువులు అతుక్కుంటాయి. పందుల కాలేయం మీద రక్తం ఆపారు.

దీనికంటే ముందు, 2017లో హార్వర్డ్‌లో డేవిడ్ మూనీ బృందం గుల్ల లేని నత్త వదిలే జిగటని చూసి ఇంకో గమ్ చేసింది. చదరపు మీటరుకి వెయ్యి జౌళ్ల శక్తి పెడితే గానీ ఊడలేదని రాశారు. ఫైబ్రిన్ గ్లూ పదుల్లో ఉంటుంది. ఆ గమ్ కణజాలాన్ని పట్టుకోవడానికి వాడిన పదార్థం కైటోసాన్. అది రొయ్య పొట్టులోంచి వచ్చేదే. మన దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్ల వెనక ఆ పొట్టు వాసన ముక్కు మూసుకున్నా ఆగదు! అదే పొట్టు శుద్ధి చేస్తే కైటోసాన్ పట్టీలవుతుంది, రక్తం ఆపడానికి ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. రొయ్యలు పడనివాళ్లు డాక్టర్‌కి ముందే చెప్పాలి. ఇక ఆల్చిప్పలు, ఫిషింగ్ హార్బర్ స్తంభాలకి అలల్లో కూడా ఊడకుండా పట్టుకుంటాయి కదా, వాటి జిగురులో ఉండే డోపా అనే అమైనో ఆమ్లాన్ని పాలిమర్లకి అతికించి ఎంతోమంది ప్రయోగాలు చేస్తున్నారు. ఇవన్నీ చదువుతుంటే నాకూ ఉత్సాహంగానే ఉంటుంది. కానీ ఆరోగ్యంగా ఉన్న పంది కాలేయానికీ, షుగరూ పాత టీబీ ఉన్న మనిషి ఊపిరితిత్తికీ మధ్య చాలా దూరం ఉంది. లోపల ఎన్నాళ్లుంటుంది, కరిగేటప్పుడు ఏమవుతుంది, చీము పడితే ఏం చేస్తుంది, ఇవి మనుషుల్లో తేలాలి.

కుట్ల బదులు గమ్ నిజంగానే సరిపోయే చోట్లు లేకపోలేదు. కంటిలో తెల్లగుడ్డు మీద కండ పెరిగి నల్లగుడ్డు మీదకి పాకుతుంది, టెరీజియం అంటారు. ఎండలో, గాలిలో, సముద్రం మీద పనిచేసేవాళ్లలో ఎక్కువ, మన బోటు కార్మికుల్లో బాగా చూస్తాం. దాన్ని తీసి అక్కడ పొర అతికించడానికి కంటి డాక్టర్లు ఫైబ్రిన్ గ్లూ వాడతారు, కుట్ల గరగర ఉండదు. శుక్లాల ఆపరేషన్ కోత కారకుండా ఆపే హైడ్రోజెల్‌కి కూడా 2014లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ఒత్తిడి, లాగుడు తక్కువగా ఉండే చిన్న చోట్లు కాబట్టి అక్కడ కుదురుతుంది.

పిల్లల నుదుటి మీద గాటుకి క్యాజువాలిటీలో వేసే గమ్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ దాన్నే హైడ్రోజెల్ అనుకుంటారు. అది సయనోయాక్రిలేట్, వేరే కుటుంబం. శుభ్రమైన, తిన్నగా ఉన్న, లాగుడు లేని చిన్న గాటుకి చక్కగా పనిచేస్తుంది. దాని మీద కొబ్బరినూనె, ఆయింట్‌మెంట్ రాయకండి, పట్టు వదిలేస్తుంది. ఇంటికెళ్లగానే నాయనమ్మలు చేసే మొదటి పని అదే. పొడిగా ఉంచితే కొద్ది రోజుల్లో అదే పొలుసులా రాలుతుంది. ఫెవిక్విక్ కూడా అదే కుటుంబం కదా అని ఇంట్లో వేసుకునేవాళ్లున్నారు. దయచేసి వద్దు. అందులోని రకం గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తుంది, కణజాలాన్ని దెబ్బతీస్తుంది, శుభ్రపరచినది అసలే కాదు. చేపలు కోసే కత్తి తగిలి తెగితే, ఆ గాయం మీద ఫెవిక్విక్ పోసుకుని వచ్చిన ఒకాయన వేలు నాకింకా గుర్తుంది. పైన గాజులా నున్నగా ఉంది, నొక్కితే పక్కనుంచి చీము వచ్చింది. ఆ పొర తీయడానికే చాలాసేపు పట్టింది.

మీ నాన్నగారి పాదం పుండుకి గమ్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. షుగర్ పుండుకి అంచులు దగ్గరికి లాగి అతికించడం వైద్యం కాదు, లోపల ఉన్న చీముకి మూత వేసినట్టవుతుంది. మెడికల్ షాపులో హైడ్రోజెల్ అని ట్యూబులో అమ్మేది అంటుకోదు, అది డ్రెస్సింగ్ మాత్రమే. ఎండి గట్టిగా ఉన్న పుండుకి తడి ఇచ్చి, చచ్చిన పొరని మెత్తబరుస్తుంది. నీరు కారుతున్న పుండుకి అదే రాస్తే చుట్టూ చర్మం నాని తెల్లబడి, పుండు పెద్దదవుతుంది. మీది ఏ రకమో చూడకుండా నేను చెప్పలేను. పాదంలో నాడి అందుతోందో లేదో, ఎముక దాకా వెళ్లిందో లేదో చూపించండి. ఆ పాదం మీద బరువు పడకుండా ప్రత్యేకమైన చెప్పులో, కట్టో వేయించండి. పుండు మానడంలో సగం పని అదే చేస్తుంది, ట్యూబు కాదు.

ఇంకొకటి, పాదంలో చీము ఉండగా ఛాతీ ఆపరేషన్ పెట్టుకోవద్దు, అత్యవసరమైతే తప్ప. ముందు పుండు సంగతి తేల్చుకుని, షుగర్ అదుపులోకి తెచ్చుకుని వెళ్లండి. బీడీ సిగరెట్ ఉంటే ఈరోజే మానిపించండి. మూడు బంతుల స్పైరోమీటర్ కొని, రోజూ పొద్దునా సాయంత్రం ఊదడం కాదు, లోపలికి పీల్చడం అలవాటు చేయించండి. గుండెకో, పక్షవాతానికో రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే ఎనస్థీషియా చెకప్ రోజున ఆ మాత్రల అట్టలే తీసుకెళ్లి చూపించండి, పేరు గుర్తు పెట్టుకుని చెప్తే తప్పులు దొర్లుతాయి. పుండు ఫొటో, సీటీ స్కాన్ రిపోర్టు ఇక్కడ పెడితే ఇంకేమైనా ఉంటే రాస్తాను. పేరు, ఫోన్ నంబర్ కనిపించకుండా చూసుకోండి.